మిణుకుమను మోటారు దీపము

బాలబాలికలారా! రాత్రివేళ బాటపై పోవు కార్లను మీరు పలుమార్లు చూచియుందురు. వాని ముందరి దీపములు రెండును చీకటిని చీల్చుకొనుచు దూరమువరకు దారి చూపును. అట్టి దీపములు ఒక్కొక్కప్పుడు ఉన్నట్టుండి మసకబారును. లేదా గాలికి ఊగులాడు ప్రమిదవలె మిణుకుమిణుకుమనును. అప్పుడు చాలమంది "బల్బు చెడినది, మార్చుడు" అందురు. బల్బు మార్చినను మసక పోనిచో, "బ్యాటరీ చెడినది, క్రొత్తది కొనుడు" అందురు. మన యింట ప్రమిద కొండెక్కుచున్నప్పుడు పెద్దలు ఏమి చేయుదురో తలచుకొనుడు. ప్రమిదను పారవేయరు. నూనె యున్నదో లేదో చూతురు. వత్తి కొన మసి కట్టినదేమో చూతురు. కిటికీనుండి గాలి వచ్చుచున్నదేమో చూతురు. మోటారు దీపము విషయమునను మార్గమిదియే. దీపము మసకబారినప్పుడు దోషము దీపములోనే ఉండవలెనను నియమము లేదు. ఎక్కడనో గల లోపమును గూర్చి అది మనకు వార్త చెప్పుచుండవచ్చును. ఆ వార్తను ఎట్లు గ్రహింపవలయునో ఈ పాఠమున తెలిసికొందము.

ఈ సంగతి నాకు పుస్తకములవలన తెలియలేదు. ఒక రాత్రి ఒక మేస్త్రీ నాకు నేర్పెను.

అది 1994వ సంవత్సరము, కార్తిక మాసము. నేనప్పుడు గోదావరి మండలమున కాలువగట్టునున్న ఒక గ్రామములో తెలుగు పండితుడుగా పనిచేయుచుంటిని. రాత్రి పదిగంటల వేళ మా పొరుగు రైతుగారి కోడలికి పురిటినొప్పులు ప్రారంభమైనవి. గ్రామమున వైద్య సదుపాయము లేదు. రాజమహేంద్రవరము పోవలయును. పట్టణములోని వైద్యులతో నాకు కొంత పరిచయముండుటచే నన్నును తోడు రమ్మనిరి. రైతుగారి పాత కారులో అందరమును బయలుదేరితిమి.

ఆ కారు అంతకు రెండు నెలలనుండి పేచీ పెట్టుచుండెను. ఉదయమున సెల్ఫు కొట్టినచో ఇంజను మూల్గునే కాని కదలదు. రైతుగారు క్రొత్త బ్యాటరీ కొనిరి. కొన్నాళ్లు బాగుగనే యుండి, అదియు నీరసపడెను. దీపములు మసకబారగా బల్బులు మార్పించిరి. అయినను లాభము లేకపోయెను. తుదకు కోపము డ్రైవరు మీదికి మరలెను. "నీవు రాత్రులు దీపములు ఆర్పకుండ పండుకొనుచున్నావు. అందువలననే బ్యాటరీ ఖాళీ యగుచున్నది. వచ్చేనెల నుండి పనిలోనికి రానక్కరలేదు" అని రైతుగారు ఖండితముగ చెప్పియుండిరి. డ్రైవరు పాపము, తాను ఆర్పితిననుటకు సాక్ష్యమేమున్నదని తలవంచుకొని ఊరకుండెను.

కాలువగట్టు బాట ఇరుకైనది. ఒకవైపున నిండు కాలువ, మరియొకవైపున వరిచేలు. ఐదారు కిలోమీటర్లు పోవునప్పటికి దీపముల కాంతి తెలుపునుండి పసుపునకు, పసుపునుండి ఎరుపునకు దిగెను. గతుకు వచ్చినప్పుడు ఒక్క క్షణము తళుక్కుమనును, మరల మసకబారును. ఒక మలుపున బాట కనబడక, ముందు చక్రము గట్టు అంచునకు జానెడు దూరమున నిలిచెను. వెనుక సీటులో ఆ తల్లి బాధతో మూల్గుచుండెను. మా గుండెలు కొట్టుకొనుచుండ, ఎట్లో మెల్లమెల్లగ కాలువ లాకుల యొద్దకు చేరితిమి. అచట తాటాకుల పాకలో ఒక వృద్ధుడైన మోటారు మేస్త్రీ నివసించుచుండెను. పిలువగనే లాంతరు పట్టుకొని వచ్చెను.

"ఇంజను ఆపకుడు" అనుట అతని మొదటి మాట. తరువాత అతడు ఏ పనిముట్టును ముట్టక, డ్రైవరును మూడు ప్రశ్నలు మాత్రము అడిగెను.

"మసకబారునది ఒక్క దీపమా, అన్నియునా?"

"అన్నియును. లోపలి చిన్న దీపము కూడ."

"ఎప్పుడు?"

"కారు పోవుచున్నంతసేపును క్రమముగ తగ్గుచున్నది. గతుకు తగిలినప్పుడు మాత్రము తళుక్కుమనును."

"ఇంజను వేగము పెంచినచో కాంతి పెరుగునా?"

"పెరుగదు."

మేస్త్రీ తల పంకించి, లాంతరు వెలుగున ఇంజనువైపు ఒకమారు పరికించి, పాకలోనికి పోయి చిటికెనవ్రేలి లావు గల రాగితీగె నొకదానిని తెచ్చెను. దాని యొక కొనను బ్యాటరీ ఋణధ్రువమునకు, రెండవ కొనను ఇంజను ఇనుపభాగమునకు గట్టిగ బిగించెను. ఏమి చెప్పుదును! తెర తీసినట్లు దీపములు భగ్గున వెలిగినవి. ఎదుట లాకుల తలుపులు పట్టపగలువలె కనబడెను.

"ఇక నిర్భయముగ పోవచ్చును. రేపు తిరిగివచ్చునప్పుడు ఆగుడు. అసలు దోషమును చూపింతును" అనెను. మేము పోయితిమి.

మేస్త్రీ బల్బును మార్చలేదు, బ్యాటరీని మార్చలేదు. ఒక్క తీగెతో వెలుగెట్లు వచ్చెను? అది తెలియవలెనన్న, కారులో విద్యుత్తు నడకను మనము కొంత తెలిసికొనవలయును.

తొలినాటి కార్లకు విద్యుద్దీపములు లేవు. కొన్నింటికి కిరసనాయిలు లాంతర్లుండెడివి; కొన్నింటికి కార్బైడు మీద నీరు పడగా పుట్టు ఎసిటలీను వాయువుతో వెలుగు దీపములుండెడివి.  ఇంజనును చేతితో పిడి త్రిప్పి నడిపింపవలసి యుండెను. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912వ సంవత్సరపు క్యాడిలాక్ కార్లలో చేరెను. దానితోపాటు విద్యుద్దీపములును కార్లలో స్థిరపడజొచ్చెను. మన మేస్త్రీలు సెల్ఫు అనునది ఈ స్టార్టరునే.

కారులో విద్యుత్తునకు రెండు ఆధారములు గలవు. మొదటిది బ్యాటరీ. సీసము, గంధకికామ్లములతో పనిచేయుచు, మరల మరల నింపుకొనదగిన ఈ బ్యాటరీని ఫ్రాన్సు దేశస్థుడగు గాస్టన్ ప్లాంటే 1859లో కనుగొనెను. కారు బ్యాటరీలో ఆరు గదులుండును. ఒక్కొక్క గది సుమారు 2.1 వోల్టుల పీడనము నిచ్చును. ఆరింటిని కూడగా 12.6 వోల్టులు. కాని బ్యాటరీ గాదెవంటిది. దానిలో పోసినంతయే తీయగలము. గాదె నింపుటకు పంట కావలయును. ఆ పంట నిచ్చునది రెండవ ఆధారము. ఇంజను తిరుగుచున్నప్పుడు ఒక బెల్టు దానినిగూడ త్రిప్పును. అది విద్యుత్తు పుట్టించి, దీపములకు కావలసినది యిచ్చి, మిగిలినదానిని బ్యాటరీలో నింపును. పూర్వము దీనికి డైనమో వాడిరి. ఇంజను నెమ్మదిగ తిరుగునప్పుడు డైనమో ఇచ్చు విద్యుత్తు మిక్కిలి స్వల్పము. కాన ఆ కార్లు ఆగిన చోటనెల్ల దీపములు మసకబారుట సహజము. అమెరికాలో 1960వ సంవత్సరపు వేలియంట్ అను కారు ఆల్టర్నేటరుతో వెలువడెను. క్రమముగ అన్ని దేశములలోను డైనమో స్థానమును ఆల్టర్నేటరే ఆక్రమించెను. ఇది ఇంజను నెమ్మదిగ తిరుగునప్పుడును చాలినంత విద్యుత్తు నీయగలదు. దీనిలో పుట్టునది దిశ మారుచుండు విద్యుత్తు. డయోడులు అను చిన్న ద్వారపాలకులు దానిని ఒకే దిశకు మరల్చును. రెగ్యులేటరు అను మరియొక భాగము పీడనము మితిమీరకుండ కాపాడును.

ఇక దారి సంగతి. విద్యుత్తు బ్యాటరీనుండి బయలుదేరి దీపమును చేరినంతమాత్రమున దీపము వెలుగదు. అది మరల బ్యాటరీకి తిరిగిరావలయును. పోవుదారియు వచ్చుదారియు కలిసి ఒక వలయమైననే ప్రవాహము. ఇండ్లలో ఈ రెండు దారులకును రెండు తీగెలుండును. కారులో నిర్మాతలు ఒక ఉపాయము పన్నిరి. కారు శరీరమంతయు ఇనుము. ఇనుము విద్యుత్తును పోనిచ్చును. కాన పోవుటకు మాత్రము తీగెలు వేసి, తిరిగివచ్చుటకు కారు శరీరమునే దారిగ వాడుకొనిరి. బ్యాటరీ ఋణధ్రువమును లావుపాటి తీగెతో శరీరమునకు బిగింతురు. ఇంజను రబ్బరు దిమ్మలపై కూర్చుండును గనుక, దానికిని శరీరమునకును నడుమ అల్లిన రాగిపట్టీ నొకదానిని బిగింతురు. ఈ తిరుగుదారికే మేస్త్రీలు ఎర్తు అని పేరిడిరి. నిజమునకు ఇది భూమితో సంబంధము గలది కాదు. కారు నిలుచునది రబ్బరు చక్రములపై గదా!

ఇప్పుడొక చిన్న లెక్క వేయుడు. ముందరి దీపము ఒక్కొక్కటి 60 వాట్లనుకొనుడు. 12 వోల్టుల యొద్ద అది 5 ఆంపియర్ల విద్యుత్తును గ్రహించును. రెండింటికిని 10 ఆంపియర్లు. జర్మనీ దేశస్థుడగు జార్జి ఓము 1827లో ప్రకటించిన సూత్రము ప్రకారము, ప్రవాహమును నిరోధముచే గుణించినచో, ఆ నిరోధము కబళించు వోల్టులు వచ్చును. తుప్పు పట్టిన ఒక మరయొద్ద ఓములో పదవవంతు నిరోధ మేర్పడినదనుకొందము. పదిని పదవవంతుచే గుణింపగా ఒక వోల్టు. దీపమునకు చేరవలసిన పండ్రెండింటిలో ఒకటి దారిలోనే హరించిపోయినది. "ఒక్క వోల్టే గదా" యని మీరనవచ్చును. కాని తంతువు గల దీపముల స్వభావము వేరు. పీడనము నూటికి 10 పాళ్లు తగ్గినచో కాంతి సుమారు నూటికి 30 పాళ్లు తగ్గును. తంతువు వేడి తగ్గినకొలది కాంతి ఎర్రబడును. కాలువగట్టుపై మా దీపములు ఎర్రబడుటకు కారణమిదియే.

ఇక మేస్త్రీ అడిగిన మూడు ప్రశ్నలను ఒక్కొక్కటిగ విచారింతము. వానిలోనే పరీక్ష యంతయు ఇమిడియున్నది.

మొదటి ప్రశ్న: ఒక్క దీపమా, అన్నియునా? ఒక్కటియే మసకబారినచో బ్యాటరీని అనుమానింపనక్కరలేదు. బ్యాటరీ అన్నింటికిని ఉమ్మడి గదా! ముందుగ దీపము పైకప్పును చూడవలయును. నేటి కార్లకు గాజునకు బదులు పారదర్శకమగు ప్లాస్టిక్కు కప్పులుండును. అవి యేండ్లతరబడి ఎండకు పసుపుబారి వెలుగును మ్రింగును. తరువాత బల్బు నల్లబడినదేమో, దాని పట్టు వదులైనదేమో, ఆ దీపపు ఎర్తుతీగె తుప్పుపట్టినదేమో చూడవలయును. మలుపు తెలుపు దీపమును వేసినప్పుడు వెనుకనున్న ఎర్రదీపము కూడ దానితోపాటు కొట్టుకొనుచున్నచో, ఆ రెండింటికిని గల ఉమ్మడి ఎర్తు తెగినదని ఊహింపవచ్చును. తన తిరుగుదారి మూసికొనిపోగా విద్యుత్తు పొరుగు దీపము గుండ దొంగదారిని వెదకికొనుచున్నదన్నమాట.

రెండవ ప్రశ్న: ఎప్పుడు? సెల్ఫు కొట్టిన క్షణమున దీపములు కొంత తగ్గి వెంటనే కోలుకొనుట దోషము కాదు. స్టార్టరు ఆ కొలది క్షణములలో వందకు మించిన ఆంపియర్లను పీల్చుకొనును. పూర్తిగ ఆరిపోయి, ఇంజను తిరుగక టకటకమను చప్పుడు మాత్రమే వచ్చినచో, బ్యాటరీ బలహీనమై యుండవచ్చును, లేదా దాని ధ్రువముల బిగింపు చెడియుండవచ్చును. గతుకులలో మాత్రమే మిణుకుమనినచో ఎక్కడనో ఒక బిగింపు వదులైనదనుట నిశ్చయము. వాన కురిసినప్పుడు దీపములు తగ్గుచు ఇంజనువైపునుండి కీచుమను ధ్వని వచ్చినచో, బెల్టు జారుచున్నదని అనుమానింపవలయును. గతుకులతోను వేగముతోను సంబంధము లేక, ముందరి దీపములు కొంతసేపు వెలిగి, పూర్తిగ ఆరి, మరల వానియంతట అవియే వెలుగుచున్నచో, స్విచ్చియో రిలేయో వేడెక్కుచున్నదేమో చూడవలయును.

మూడవ ప్రశ్న: ఇంజను వేగము పెంచినచో ఏమగును? కాంతి పెరిగినచో, నెమ్మదిగ తిరుగునప్పుడు ఆల్టర్నేటరు చాలినంత ఇచ్చుటలేదని తెలియును. బెల్టు వదులగుట, బ్రష్షులు అరుగుట, డయోడొకటి చెడుట దీనికి ముఖ్యకారణములు. డయోడు చెడినప్పుడు దీపములు సన్నగ వణకుటయు గలదు. కాంతి మితిమీరి పెరిగి కన్నులు మిరుమిట్లు గొలుపుచున్నచో రెగ్యులేటరు అదుపు తప్పినదేమో! అట్టి కార్లలో బల్బులు మాటిమాటికి మాడిపోవును; బ్యాటరీలోని నీరు త్వరగ ఇగిరిపోవును. ఇంజను వేగము పెంచినను కాంతిలో మార్పే లేనిచో రెండే సందేహములు మిగులును. ఆల్టర్నేటరు విద్యుత్తు నిచ్చుట లేదు. లేదా ఇచ్చినది దారిలో చిక్కుకొనుచున్నది. మా కారు విషయమున మేస్త్రీ ఈ రెండవదానినే ముందుగ శంకించెను. ఏలయన, ఆల్టర్నేటరే చచ్చియున్నచో గతుకు తగిలినప్పుడు దీపములు తళుక్కుమనుట జరుగదు. గతుకు వచ్చినప్పుడెల్ల తెగిన దారి ఒక్క క్షణము అతుకుకొనుచున్నదని అతడు గ్రహించెను.

ఊహ యెంత చక్కనిదైనను కొలతతో రుజువు చేయవలయును. దీనికి మల్టీమీటరు అను చిన్న పరికరము చాలును. రాత్రియంతయు విశ్రమించిన మంచి బ్యాటరీ ధ్రువముల నడుమ సుమారు 12.6 వోల్టులు చూపును. 12.4 చూపినచో ముప్పాతిక వంతు మాత్రమే నిండియున్నది. 12 కంటె తగ్గినచో దాదాపు ఖాళీ. ఇంజను నడుచుచున్నప్పుడు అదేచోట సామాన్యముగ 13.8 మొదలు 14.4 వరకు కనబడవలయును. ఇంజను నడుచుచున్నను అంకె పెరుగనిచో విద్యుత్తు బ్యాటరీని చేరుటలేదు. 15 దాటినచో మితిమీరి చేరుచున్నది. నేటి కార్లలో ఈ పీడనమును కంప్యూటరు అవసరమునుబట్టి మార్చుచుండును గనుక, కొంచెము హెచ్చుతగ్గులను చూచి భయపడరాదు. కారుతో ఇచ్చిన పుస్తకమును చూడవలయును.

తిరుగుదారిని పరీక్షించు పద్ధతి మరింత సులభము. దీపములు వెలిగించి, ఇంజనును నడుపుచు, మీటరు నల్లని కొనను బ్యాటరీ ఋణధ్రువమునకు, ఎర్రని కొనను ఇంజను ఇనుముపై శుభ్రమైన చోట తాకింపవలయును. రెండును ఒకే దారికి చేరినవి గనుక మీటరు దాదాపు సున్న చూపవలయును. వోల్టులో ఐదవవంతు మించి చూపినచో, ఆ రెండుచోట్ల నడుమ దారి చెడినదని నమ్మవచ్చును. మీటరు లేని మేస్త్రీ రాగితీగెతో క్రొత్త దారి వేసి చూచెను. రెండు పరీక్షలును చెప్పునది ఒక్కటియే.

నేడు కార్లలో తంతువుల దీపములకు మారుగ ఎల్‌ఇడి దీపములు విరివిగ వచ్చినవి. ఇవి తక్కువ విద్యుత్తుతో ఎక్కువ వెలుగు నిచ్చును. కాని వీనితో ఒక చిక్కు కలదు. తంతువు వేడిగ నుండుటచే విద్యుత్తు ఒక్క క్షణము తగ్గినను దాని వెలుగు వెంటనే తగ్గదు. ఎల్‌ఇడికి అట్టి ఓర్పు లేదు. విద్యుత్తుతోపాటే వెలుగును, దానితోపాటే ఆరును. కొన్ని కార్లు దీపములకు విద్యుత్తును క్షణములో పలుమార్లు త్రుంచి త్రుంచి యిచ్చును. తంతువు దీపమున అది మనకు కనబడదు. ఆ కారులో అంగడినుండి తెచ్చిన ఎల్‌ఇడి బల్బును పెట్టినచో అది మిణుకుమనవచ్చును. అట్టిచోట కారు బాగుగనే యున్నది. దానికి పొసగని బల్బును పెట్టుటయే పొరపాటు.

బాలబాలికలారా! ఇది చదివి మీరొక్కరే కారు మూత తెరచి పరీక్షలకు పూనుకొనరాదు. పెద్దల యెదుట, తెలిసినవారి సహాయముననే చూడవలయును. బ్యాటరీలోని గంధకికామ్లము చర్మమును, కన్నులను దహించును. బ్యాటరీ నిండునప్పుడు దానినుండి ఉదజని వాయువు వెలువడును; నిప్పురవ్వ తగిలినచో అది ప్రేలును. కాన బ్యాటరీపై వంగి అగ్గిపుల్ల గీయుట ప్రాణాపాయము. తిరుగుచున్న బెల్టు యొద్దకు చేతులను, వదులు బట్టలను, జడలను చేరనీయరాదు. లోహపు గాజులు, ఉంగరములు తీసివేయవలయును. బ్యాటరీ తీగెలు విప్పవలసినప్పుడు ఇంజను ఆపి, ముందు ఋణధ్రువమును విప్పి, బిగించునప్పుడు దానినే చివర బిగింపవలయును. ఇంజను నడుచుచుండగ బ్యాటరీ తీగెను ఊడదీసి ఆల్టర్నేటరును పరీక్షించు అలవాటు కొందరిలో నేటికిని గలదు. డైనమోల నాటి ఆ పద్ధతి నేటి కార్లలోని సున్నితమైన పరికరములను క్షణములో కాల్చివేయగలదు.

ఇక మా కథకు వత్తము. ఆ తెల్లవారుజామున ఆసుపత్రిలో ఆ తల్లికి ఆడుశిశువు జన్మించెను. ఇరువురును క్షేమము. మధ్యాహ్నము నేనును, రైతుగారును, డ్రైవరును తిరిగివచ్చుచు లాకుల యొద్ద ఆగితిమి. మేస్త్రీ ఇంజను ఆపించి, కారు క్రిందికి దూరి, ఒక రాగిపట్టీని విప్పి తెచ్చి నా చేతిలో పెట్టెను. అది ఇంజనును శరీరముతో కలుపు ఎర్తుపట్టీ. పోగులు చాలవరకు తెగి, మిగిలినవి పచ్చని చిలుము పట్టియుండెను. దాని మరక్రింద తుప్పు పొర కట్టియుండెను.

"పోవు దారిని అందరును చూతురు, పంతులుగారూ! తిరిగివచ్చు దారిని ఎవ్వరును చూడరు" అని అతడు నవ్వెను. తరువాత రైతుగారివైపు తిరిగి, "బాబుగారూ! మీ పాత బ్యాటరీయు మంచిదే, క్రొత్తదియు మంచిదే. సెల్ఫు మూల్గుటకును, బ్యాటరీ నిండకపోవుటకును, దీపములు మసకబారుటకును ఈ పట్టీయే కారణము. దారి లేనిదే ఇంజనునుండి బ్యాటరీకి విద్యుత్తు ఎట్లు చేరును? మీ డ్రైవరు రాత్రియంతయు దీపములను ఆర్పియుంచినను, ఆ బ్యాటరీ ఖాళీ యగుచునే యుండెడిది" అనెను.

అతడు ఉప్పుకాగితముతో ఇనుమును తెల్లగ మెరయునట్లు రుద్ది, క్రొత్త పట్టీ బిగించెను. బ్యాటరీ ధ్రువములపై పూచిన తెల్లని పొడిని వంటసోడా కలిపిన నీటితో కడిగి తుడిచి, పైన కొంచెము వాజలైను రాచెను. పట్టీ వెల కొలది రూపాయలు మాత్రమే. రైతుగారు కొంతసేపు మౌనముగ నుండిరి. పిమ్మట డ్రైవరు భుజముపై చేయి వైచి, "నా తొందరపాటు, అబ్బాయీ! పరీక్షింపకయే నిన్నంటిని. నీవు మానవలదు" అనిరి. డ్రైవరు మారుమాటాడక కన్నులు తుడుచుకొనెను. ఆ తరువాత అతడు చాలకాలము ఆ యింటనే పనిచేసెను.

ఆ రాగిపట్టీ ముక్కను నేను అడిగి తీసికొని దాచుకొంటిని. తరువాత ప్రధానోపాధ్యాయుడనైనప్పుడు అది నా బల్లపైననే యుండెడిది. చక్కగ చదువు పిల్లవాడు ఒక్కొక్కప్పుడు ఉన్నట్టుండి వెనుకబడును. "సోమరి యైనాడు" అని మాట జారబోవునప్పుడు నా చూపు ఆ పట్టీపై పడెడిది. వెంటనే పిలిచి మెల్లగ అడిగెడివాడను: ఏ పాఠములో? ఎప్పటినుండి? ఇంటియొద్ద ఏమి జరుగుచున్నది? ఒకనికి కన్నులు కనబడక నల్లబల్లపై అక్షరములు తెలియుటలేదు. మరియొకడు ఉదయమున ఏమియు తినకయే వచ్చుచున్నాడు. దోషము పిల్లవానిలో లేదు.

కారు దీపము మసకబారినను, మనిషి మొగము మసకబారినను, నింద వేయుటకు ముందు ఆ మూడు ప్రశ్నలను అడుగుట మరువకుడు.